ఎంతమంది వచ్చారు అని అడిగే ముందు



ఈ వారం మా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడతాము. వేసవి సెలవుల్లో మన యౌవనస్థులు ఆరుగురు పది రోజులపాటు చుట్టుపక్కల ఊళ్ళకు సువార్తకు వెళ్ళి వచ్చిన సంగతి మీకు తెలుసు. ఎండలో నడిచారు. కొన్ని ఇళ్ళ దగ్గర మజ్జిగ ఇచ్చారు, కొన్ని ఇళ్ళ దగ్గర తలుపు వేసుకున్నారు. తిరిగి వచ్చిన ఆదివారం సాక్ష్యాల సమయంలో వారిని ముందుకు పిలిచి, మైకు చేతికిచ్చి, మేము అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతమంది ప్రభువును అంగీకరించారు?" అని. వారిలో అందరికంటే చిన్నవాడు, ఈ ఏడే ఇంటర్ పూర్తి చేసిన బిడ్డ, తల వంచుకొని "ఎవరూ లేరండీ" అన్నాడు. మందిరమంతా నిశ్శబ్దమైపోయింది. "ఫరవాలేదు, విత్తనం పడింది కదా" అని మేము ఏదో అనేసి పాట ఎత్తుకున్నాము.

ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆ బిడ్డ మందిరానికి రాలేదు.

మూడో వారం మేమిద్దరం వాళ్ళింటికి వెళ్ళాము. తల్లి కుర్చీలు వేసి, మంచినీళ్ళు ఇచ్చి, కొడుకును పిలిచింది. చాలాసేపటికి గాని వాడు నోరు విప్పలేదు. చివరికి, "నేను దీనికి పనికిరానండీ అయ్యగారూ. పది రోజులు నా టైమూ పోయింది, నాన్న కూలి డబ్బులూ బస్సులకే పోయాయి" అన్నాడు.

ఆ మాట వినగానే మాకు ఒక పాత ఉత్తరం గుర్తుకొచ్చింది. తొంభై ఏళ్ళ క్రితం ఇంగ్లాండులో సేవలో ఉన్న ఒక మార్మన్ యువకుడు తన తండ్రికి దాదాపు ఇదే మాట రాశాడు.

మార్మన్లు అనగానే మీలో కొందరు "అయ్యగారు ఇదేం మొదలుపెట్టారు" అనుకుంటారు. వారి బోధ మనం ఒప్పుకొనేది కాదు. బైబిలుతో పాటు మార్మన్ గ్రంథాన్ని కూడా వారు లేఖనంగా ఎంచుతారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలను గూర్చి వారు నమ్మేది వేరు, మనం నమ్మేది వేరు. ఆ సంగతిలో మా మనసు మారలేదు. అయితే పొరుగువాడెవడో నేర్పవలసి వచ్చినప్పుడు మన ప్రభువు ఒక సమరయుణ్ణి చూపించాడు. యూదులకు సమరయుల ఆరాధన నచ్చేది కాదు. అయినా వారిలో ఒకడి దగ్గర నేర్చుకోవలసింది ఉందని ప్రభువు దాచలేదు.

వారి పద్ధతి కొంచెం చెబుతాము. పద్దెనిమిదేళ్ళు నిండాక వారి యువకులు రెండేళ్ళు, యువతులు పద్దెనిమిది నెలలు ఇల్లు విడిచి సేవకు వెళతారు. ఎక్కడికి వెళ్ళాలో వారు ఎంచుకోరు. జతగా ఎవరు ఉండాలో కూడా వారు ఎంచుకోరు. జీతం ఉండదు. ఖర్చుకు తామూ తమ కుటుంబాలూ కూడబెట్టుకోవాలి. మన దేశంలో వారి మొదటి 'స్టేక్', అంటే కొన్ని సంఘాలు కలిసిన మండలి, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. తెల్ల చొక్కా మీద నల్ల పేరుబిళ్ళ పెట్టుకొని ఇద్దరిద్దరుగా నడిచే యువకులను నగరంలో ఉన్న మన వాళ్ళు చూసే ఉంటారు.

ఇక ఆ ఉత్తరం సంగతి. ఆ యువకుడి పేరు గార్డన్ బి. హింక్లీ. 1910లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో పుట్టాడు. 1932లో డిగ్రీ పూర్తి చేసి, పత్రికా రచన చదవడానికి న్యూయార్కులోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళాలని ఆశపడ్డాడు. అవి అమెరికా అంతా ఉద్యోగాలు పోయి, బ్యాంకులు మూతపడిన రోజులు. అతని తల్లి అంతకు ముందే, 1930లో, క్యాన్సరుతో కన్నుమూసింది. అలాంటి సమయంలో, 1933లో, ఇంగ్లాండులో సేవకు పిలుపు వచ్చింది. అది ఖర్చు ఎక్కువయ్యే చోటు. ఇంట్లో వాళ్ళు ఆ డబ్బు ఎలా సర్దుదామా అని చూస్తుండగా తల్లి దాచిన చిన్న పొదుపు ఖాతా ఒకటి బయటపడింది. సరుకులు కొన్నాక మిగిలిన చిల్లరను ఆమె కొడుకుల సేవ కోసమని అందులో వేస్తూ వచ్చింది. పోపులపెట్టెలో దాచి పిల్లల ఫీజు కట్టే మన తల్లులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అతణ్ణి మొదట ప్రెస్టన్ అనే పట్టణానికి పంపారు. అది లంకాషైర్ ప్రాంతంలోని నూలు మిల్లుల ఊరు. ఆ రోజుల్లో ఆ ప్రాంతమంతా మిల్లులు దెబ్బతిని పనులు లేవు. మన దేశంలో విదేశీ బట్టల బహిష్కరణ జరుగుతుండగా, 1931లో గాంధీగారు వెళ్ళి నేత కార్మికులను కలిసింది ఆ లంకాషైర్‌లోనే. పని పోయిన జనం మధ్య, పరాయి యాసతో, వీధిలో నిలబడి మాట్లాడాలి. వినేవారు తక్కువ. దానికి తోడు అక్కడి గడ్డి పుప్పొడి పడక కళ్ళూ ముక్కూ కారుతూ ఆ యువకుడు నీరసించిపోయాడు. చివరికి తండ్రికి ఉత్తరం రాశాడు. ఇక్కడ నా సమయమూ మీ డబ్బూ వృథా చేస్తున్నాను అని దాని భావం.

తండ్రి జవాబు చాలా చిన్నది. నీ ఉత్తరం అందింది, నేను చెప్పేది ఒక్కటే, నిన్ను నువ్వు మరచిపోయి పనిలోకి దిగు అని రాశాడు. ఆ ఉదయమే ఆ యువకుడు తన జతగాడితో కలిసి మార్కు సువార్త 8వ అధ్యాయంలో, ప్రాణము దక్కించుకోవాలనుకొనేవాడు దాన్ని పోగొట్టుకుంటాడని ప్రభువు చెప్పిన మాట చదివాడు. లేఖనమూ తండ్రి ఉత్తరమూ ఒకే రోజు ఒకే మాట చెప్పాయి. అతడు గదిలోకి వెళ్ళి మోకరించాడు. తన జీవితంలో ఆ రోజే మలుపు అని ఆయన తరువాతి కాలంలో ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. 1995 నుండి 2008లో తన 97వ ఏట చనిపోయేవరకు ఆ సంఘానికంతటికీ అధ్యక్షుడుగా ఉన్నాడు.

ఈ సంగతి చెప్పేవాళ్ళు కొడుకును మెచ్చుకుంటారు. మేము మాత్రం ఆ తండ్రి గురించే ఎక్కువ ఆలోచించాము. తండ్రి "పోనీలే నాయనా, వచ్చేయ్" అనలేదు. "ఇంత ఖర్చు పెట్టాము కదా, ఎంతమందిని చేర్చావు?" అని కూడా అడగలేదు. కొడుకు చూపు తన మీదే, తన ఓటమి మీదే ఉండిపోయిందని గ్రహించి, దాన్ని ఎదుటి మనుషుల వైపు తిప్పాడు. మా మైకు ముందు నిలబడిన బిడ్డకు మేము చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. వాడి చూపును మళ్ళీ వాడి లెక్క మీదికే తిప్పాము.

వారి చరిత్రలోనే ఇంకొక యువకుడు ఉన్నాడు. జోసెఫ్ ఎఫ్. స్మిత్ అని. ఐదేళ్ళ వయసులో, 1844లో, తండ్రిని మూక కాల్చి చంపింది. 1852లో తల్లి పోయింది. 1854లో, పదిహేనేళ్ళకే, సముద్రం దాటించి హవాయి దీవులకు సేవకు పంపారు. తల్లీ తండ్రీ లేని పిల్లవాడికి అక్కడ భాష రాదు. జ్వరం వచ్చి పడిపోతే ఆ దీవిలోని ఒక స్త్రీ తన ఇంట్లో పెట్టుకొని కన్నబిడ్డలా చూసుకుంది. దశాబ్దాలు గడిచాయి. ఆయన తన సంఘానికి అధ్యక్షుడై మళ్ళీ ఆ దీవులకు వెళ్ళినప్పుడు, పూలదండలతో స్వాగతం పలికే జనం మధ్యలోంచి, చూపు పోయిన ఒక ముసలమ్మ ఆయన పేరు పిలుచుకుంటూ వచ్చింది. ఆమె చేతిలో కొన్ని అరటిపండ్లు ఉన్నాయి. ఆయన పరుగున వెళ్ళి, "అమ్మా" అంటూ ఆమెను కౌగిలించుకున్నాడు.

ఇవ్వడానికి వెళ్ళాననుకున్న పిల్లవాడికి ఆ ఊరు తల్లిని ఇచ్చింది. ఇది ఏ లెక్కల పుస్తకంలో రాస్తాము? అంకెలు రాసే గడిలో ఆ అమ్మ పడదు. మంచం పట్టిన పిల్లవాడు ఆ వారం ఒక్క ఇంటికీ వెళ్ళలేదు కాబట్టి అక్కడ సున్నా ఉంటుంది.

వారు అంకెల జబ్బు లేనివారని చెప్పడం లేదు. ఆ ఇంగ్లాండులోనే 1960 ప్రాంతంలో వారి సేవకులు బేస్‌బాల్ ఆట పేరుతో మగపిల్లలను చేర్చుకొని, వారిలో అనేకులకు అర్థమైందో లేదో చూడకుండానే బాప్తిస్మమిచ్చారు. లెక్క గొప్పగా పెరిగింది. తరువాత వారిలో చాలామంది పేర్లు తీసివేయవలసి వచ్చింది. దాన్ని బేస్‌బాల్ బాప్తిస్మముల కాలమని వారి చరిత్ర రాసేవాళ్ళే చెబుతారు. ఆ తప్పు వారిదేనని మనం నవ్వుకోవడానికి లేదు. కూడికలో చేతులెత్తిన వారిని లెక్కపెట్టి ఫోటో తీసి పంపే అలవాటు మన దగ్గర కూడా ఉంది. మేమూ పంపాము.

కాబట్టి మా అభిప్రాయం సూటిగా చెబుతాము. సేవ నుండి తిరిగి వచ్చిన బిడ్డను "ఎంతమంది?" అని అడగడం మన సంఘంలో మానుకోవాలి. "ఎవరిని కలిశావు? వాళ్ళ పేర్లేమిటి? వాళ్ళ ఇంట్లో ఏం కష్టం ఉంది? నువ్వు ఏం నేర్చుకున్నావు?" అని అడగాలి.

ఈ మాట పెద్దల కూడికలో చెబితే ఒక పెద్దాయన, "లెక్క అడగకపోతే పిల్లలు షికారుకు వెళ్ళొచ్చినట్టు వెళ్ళొస్తారు పాస్టరుగారూ" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. లెక్క అడగాలి. అపొస్తలుల కార్యములలో కూడా అంకెలు ఉన్నాయి. కాని చేర్చబడిన వారిని చేర్చినవాడు ప్రభువేనని కూడా అక్కడే ఉంది. ప్రభువు చేసే పనికి పిల్లవాణ్ణి లెక్క అడగడం న్యాయం కాదు. పిల్లవాడి చేతిలో ఉన్నదానికి, అంటే నడిచిన దారికి, తట్టిన తలుపుకు, విన్న కష్టానికి, చేసిన ప్రార్థనకు లెక్క అడుగుదాము. అది చిన్న లెక్కేమీ కాదు. పేరు చెప్పమంటే, షికారుకు వెళ్ళొచ్చినవాడు ఒక్క పేరూ చెప్పలేడు.

మా సంగతి కూడా చెప్పాలి. మేము ఈ ఊరు వచ్చిన మొదటి రెండేళ్ళు ఆదివారం మా ఇద్దరితో కలిపి తొమ్మిదిమందిమి కూర్చొనేవాళ్ళం. ఒక రాత్రి పెట్టె సర్దుకున్నాము. తెల్లవారి బస్సుకు వెళ్ళిపోదామనుకున్నాము. తెల్లవారుజామున ఒకామె వచ్చి, కోడలికి నొప్పులు వస్తున్నాయి, ఆటో దొరకడం లేదు, ఆసుపత్రికి తోడు రమ్మని పిలిచింది. వెళ్ళాము. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెట్టె సంగతే మరచిపోయాము. మమ్మల్ని మేము మరచిపోవడమంటే ఏమిటో ఆ రోజు పని మాకు నేర్పింది. ఇంత నేర్చుకొని కూడా, మైకు చేతిలో ఉండేసరికి మేము అడిగింది అంకె!

ఆ బిడ్డ ఇంట్లో మేము అదే ఒప్పుకున్నాము. "తప్పు మాది నాయనా, క్షమించు" అన్నాము. పాస్టరు క్షమాపణ అడగడం వాడి తల్లికి కొత్త. ఆమె కంగారుపడి లేచి నిలబడింది. తరువాత వాణ్ణి, "ఎవరిని కలిశావు బాబూ?" అని అడిగాము.

అప్పుడు చెప్పాడు. రెండో ఊరిలో ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మకు వేలిముద్ర పడక పింఛను పని ఆగిపోయిందట. తోటివాడితో కలిసి ఆమెను సచివాలయానికి తీసుకువెళ్ళి, మధ్యాహ్నం దాకా కూర్చొని, పని పూర్తి చేయించి ఇంటి దగ్గర దింపాడట. ఆమె వాళ్ళిద్దరికీ జొన్న రొట్టె, పప్పు పెట్టి, "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అడిగిందట. "మరి ఆదివారం ఇది చెప్పలేదేం?" అన్నాము. "మీరు అది అడగలేదు కదండీ" అన్నాడు.

ప్రియులారా, ఆ జవాబు ఇంకా మా చెవిలోనే ఉంది.

రాబోయే ఆదివారం ఆ ఆరుగురిని మళ్ళీ ముందుకు పిలుస్తున్నాము. ఈసారి పేర్లు అడుగుతాము. ఆ పేర్లు రాసుకోవడానికి మీరు ఒక కాగితం తెచ్చుకోండి. వారమంతా వాటిని ఎత్తి ప్రార్థన చేద్దాము. దూరాన ఉన్న మీరు ఆ పిల్లల్లో ఒకరికి ఫోను చేయండి. ఎంతమంది వచ్చారని మాత్రం అడగకండి. ఆ చిన్నవాడు వస్తాడో రాడో మాకు మాట ఇవ్వలేదు. వాడు మళ్ళీ ఆ ముసలమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాడని మాత్రం వాళ్ళమ్మ చెప్పింది.

ప్రభువా, నీ పొలంలోకి వెళ్ళిన బిడ్డలను మా లెక్కలతో గాయపరచినందుకు మమ్మల్ని క్షమించు. మమ్మల్ని మేము మరచిపోయే పని మా చేతులకు ఇవ్వు. వారు కలిసిన ప్రతి మనిషిని నీవు పేరు పెట్టి ఎరిగినట్టు మేము కూడా ఎరుగునట్లు నేర్పించు. ఆమేన్.