మొదట ఎద్దులు చెప్పాయి

అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో దుక్కిటెద్దులు కాళ్లు కదపలేక చేలోనే నిలబడిపోతుంటే, ఏదో తేడా ఉందని ముందు పసిగట్టింది రైతులే. తర్వాత వైద్యులొచ్చారు. షార్ట్, ఆయన సహచరులు అక్కడి మనుషుల్ని పరీక్షించి, కొయ్యబారిన వెన్నుకూ గారపట్టిన పళ్లకూ తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. 1955లో సిద్దిఖీ నల్లగొండలోని ఇదే జబ్బు గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అంటే ఫ్లోరైడ్ హాని స్వతంత్రం రాకముందే తెలిసిన సంగతి. తెలియక చెడిపోయామని చెప్పుకునే హక్కు మనకు లేదు.

తెలిసి ఏం చేశాం? ఇంకా లోతుకు దిగాం.

మన గ్రానైట్ రాళ్లలోనే ఫ్లోరైడ్ ఖనిజాలున్నాయి. నీరు రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే, అందులో కాల్షియం ఎంత తగ్గితే, అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. వాననీటిని పట్టి ఊరబావికి ఊటనిచ్చే చెరువు ఆ నీటిని కొంతైనా పలచన చేసేది. ఆ చెరువుల్లో పూడిక తీయలేదు. శిఖం భూములు దున్నుకున్నాం, అలుగులు పూడ్చి ప్లాట్లు చేశాం.

బోరు బండి ఊళ్లోకొచ్చిన రాత్రి ఎవరికి గుర్తులేదు? అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి పాయింటు చూశాం. రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే తెల్లటి రాతిపొడి లేచి చుట్టుపక్కల చెట్లన్నిటినీ కప్పేసింది. మూడొందల అడుగులకు తడి తగల్లేదు, ఆరొందలకు పోయాం. ఇంచు నీళ్లు పడితే పండగ చేసుకున్నాం. మన బోరు దెబ్బకు పక్క రైతు బోరు ఎండింది, అతను వెయ్యికి పోయాడు. బోరుకు లక్షలు పోసినవాళ్లం, ఒక సీసాడు నీళ్లు పట్టి పరీక్షకు పంపడానికి బద్ధకించాం. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకొచ్చిన వాల్టా చట్టం అనుమతి తీసుకోమంది, బోరుకూ బోరుకూ మధ్య దూరం పాటించమంది. దాన్ని రాత్రికి రాత్రి దాటింది మనమే. చూసీ చూడనట్టు వదిలేయమని అధికారుల మీద ఒత్తిడి తెచ్చిందీ మనమే.

నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టారు. అది ఆఫ్రికా దాకా వెళ్లింది. ఇక్కడ చాలాచోట్ల ప్లాంట్లు మూలనపడ్డాయి. పటిక ఎందుకు కొనలేదని గ్రామసభలో లేచి అడిగినవాళ్లు ఎందరు?

ఇంతకన్నా పెద్ద తప్పు మరొకటి చేశాం. ఫ్లోరైడ్ ఊళ్లకు పిల్లనివ్వొద్దని చెప్పుకున్నాం. పళ్లు చూసి సంబంధం వెనక్కి పంపాం. పత్రికలవాళ్లం వంకర తిరిగిన ఒంటి ఫొటో వేసి సానుభూతి అమ్ముకున్నాం, ఆ ఒంట్లోకి చేరిన నీళ్ల సంగతి మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నీళ్లను పాడుచేసుకున్నది అందరమైతే, శిక్ష ఆ ఊరి ఆడపిల్లకు వేశాం.

ఇప్పుడు చాలా ఊళ్లకు పైపుల్లో కృష్ణా నీళ్లొస్తున్నాయి. అది నిజంగా గొప్ప మేలు. అయితే ఎముకల్లో ఒకసారి ముదిరిన జబ్బును వెనక్కి మళ్లించే మందు లేదు. పైపు పగిలినా మోటారు కాలినా మళ్లీ బోరు దగ్గరికే బిందె పట్టుకెళ్తున్నాం. శాశ్వత దంతాలు రూపుకట్టే పసి వయసులోనే ఈ నీళ్లు వాటిని పాడుచేస్తాయని తెలిసి కూడా, తాగొద్దని ఎర్రరంగు పూసిన చేతిపంపు నీళ్లే పిల్లల గ్లాసులో పోస్తున్నాం.