తీర్పు చెప్పేది జడ్జిగారా, క్యాలెండరా?

మొగుడూ పెళ్లాం విడిపోతే పిల్లలు ఎవరి దగ్గరుండాలి? 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం చూసినా, 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చూసినా చెప్పేది ఒకటే, పిల్లల క్షేమం చూడమని. దానితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆ క్షేమాన్ని తేల్చడానికి పట్టే కాలంతోనే.

మన సాఫ్ట్‌వేర్ జనాలకి దగ్గరి కేసు ఒకటి చూడండి. హైదరాబాదులో పెళ్లి చేసుకుని పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ తెలుగు జంట, ఇద్దరు పిల్లలు. 2016 డిసెంబరులో ఆవిడే అక్కడి కోర్టులో విడాకులకీ, పిల్లల కస్టడీకీ కేసు వేశారు. 2017 మార్చిలో పిల్లలతో హైదరాబాదు వచ్చి, మూడు వారాలకల్లా ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో ఇంకో కస్టడీ కేసు వేశారు. 1890 చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం పిల్లలు మామూలుగా ఎక్కడ ఉంటారో అక్కడి కోర్టే ఆ కేసు వినాలి. మూడు వారాల మకాం నివాసం అవుతుందా? కాదంది సుప్రీంకోర్టు. పిల్లల్ని తిరిగి అమెరికా తీసుకెళ్లమంది. ఎప్పుడంటారా, 2019 మార్చిలో! అంటే సుమారు రెండేళ్లకి.

ఆవిడది తప్పు, ఆయనది ఒప్పు అనడం లేదు. 2017లోనే ఇంకో కేసులో సుప్రీంకోర్టు, విదేశీ కోర్టు ఉత్తర్వు చూడాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమే, పిల్లల క్షేమమే ముందు అంది. సబబే. కానీ ఈలోపు పిల్లాడు కొత్త బడికి, కొత్త నేస్తాలకి అలవాటు పడిపోతాడు. "ఇప్పుడు కదిలిస్తే వాడికే నష్టం" అన్న వాదన నెల నెలా దానంతటదే బలపడుతుంది. ముందు తీసుకెళ్లిన వాళ్లకి ఆలస్యమే వకీలు. ఫీజు కూడా అడగదు. (పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు కూడా.)

ఇదంతా డాలర్ల వాళ్ల గొడవ అనుకోకండి. మాది రామగిరి మండలం, సెంటినరీ కాలనీ. ఇక్కడి బొగ్గుబాయి కార్మికుడి భార్య పిల్లని తీసుకుని పుట్టింటికి వరంగల్ వెళ్లిందనుకోండి. కోర్టు ఆవరణలో, పనిరోజు, రెండు గంటలు చూసుకో అని ఉత్తర్వు వస్తే అతనికి ఆ రోజు మస్టరు పోయినట్టే. నాగాలు పెరిగితే ఉద్యోగానికే ఎసరు. నాలుగు వాయిదాలు తప్పితే "తండ్రికి పిల్ల మీద ఆసక్తి లేదు" అని ఎదుటి వకీలు రాసుకుంటాడు.

"కొట్టేవాడికి పిల్లని చూపించమంటావా?" అని అడుగుతారు. అననండీ. అలాంటి ఆరోపణ ఉంటే మొదటి నెలలోనే విచారించి తేల్చమంటున్నాను. ఆలస్యం వల్ల ఆ తల్లికి మాత్రం ఒరిగేదేముంది? "భరణం ఎగ్గొట్టేవాడి సంగతి?" ముక్కు పిండి వసూలు చెయ్యండి. అంతేగానీ పిల్లని తాకట్టు వస్తువు చెయ్యకండి.

2020 జనవరిలో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. కస్టడీ దక్కని తల్లి గానీ తండ్రి గానీ రోజూ 5-10 నిమిషాలు పిల్లలతో మాట్లాడే హక్కు ఉండాలి, వీడియో కాల్ వాడుకోవచ్చు అని. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. కేసు దాఖలైన నెలలోపు ఆ కాల్‌కీ, ఆదివారం కలయికకీ మధ్యంతర ఉత్తర్వు ఇవ్వచ్చు. లా కమిషన్ 2015లో ఉమ్మడి కస్టడీని కూడా చట్టంలో చేర్చమంది. ఆ సిఫార్సు ఇంకా చట్టం కాలేదు.

మన ఆఫీసుల్లో సర్వర్ పడిపోతే ఎన్ని గంటల్లో లేపాలో ఎస్సెల్యేలో రాసి ఉంటుంది, దాటితే పెనాల్టీ. నాలుగేళ్ల పిల్లకి రెండేళ్లంటే సగం జీవితం. ఆ ఫైలుకి అంతపాటి గడువైనా అక్కర్లేదంటారా?