చక్రతీర్థ రోడ్డు జ్ఞాపకాల్లో మనవాళ్ళేరీ?

పూరీ చక్రతీర్థ రోడ్డు మీద జ్ఞాపకాలు రాయడం ఈమధ్య ఒక వేడుకయింది. అన్నీ 'ఆ రోజులే వేరు' అనే మొదలవుతాయి. మేడమీది బారు, వెదురు కుర్చీలు, సరిగ్గా చల్లబడని బీరు, గిటారు వాయించే జర్మనీ కుర్రాడు, పది రోజులకని వచ్చి ఆరు నెలలు ఉండిపోయిన జపాను అమ్మాయి, సర్కారు లైసెన్సు భంగు దుకాణం. చివర 'ఆ వీధి చచ్చిపోయింది' అని ఒక నిట్టూర్పు. ఇంగ్లీషులోనో బెంగాలీలోనో రాసుకుంటే మనకెందుకులే అనుకోవచ్చు. మన బరంపురం తెలుగువాళ్ళు కూడా అదే పాట అందుకున్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు.

అయ్యా, ఆ వీధిలో తూర్పుగా నడిచి వెళ్తే ఏమొస్తుంది? పెంటకట వస్తుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి తెప్పలతో వలలతో వచ్చి ఆ ఇసకలో నిలదొక్కుకున్న మన వాడబలిజల పేట. వేలమంది జనం. ఇంట్లో మాట తెలుగు, మొక్కేది గంగమ్మకు. పూరీలో వాళ్ళ పేరు మాత్రం 'నోళియా'. నెత్తిన నంబరు రాసిన తెల్లటి కోసుటోపీ పెట్టుకుని, యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లో స్నానం చేయించేది వాళ్ళే. జగన్నాథుడి గుడిలోకి హిందువులు కానివారికి ప్రవేశం లేదు గనుక విదేశీయుల పూరీ అంతా సముద్రం పక్కనే. అంటే మనవాళ్ళ గుమ్మం ముందే. బారులో పళ్ళెంలోకొచ్చిన చందువ ఎవరి వలలోది? ఈ సంగతి ఒక్క జ్ఞాపకంలోనూ కనపడదు. మహా అయితే ఫొటోకి అందంగా ఒక తెప్ప, దాని మీద పేరు లేని నల్లటి మనిషి.

విదేశీయుల మీద నాకు కోపం లేదు. వాళ్ళలో కొందరు మన పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుని మళ్ళీ వచ్చినప్పుడు పేరుపెట్టి పిలిచేవారు. 1979లో ఇరాన్‌లో విప్లవం, ఆ ఏడాది చివర అఫ్ఘానిస్తాన్‌లోకి సోవియట్ సేన. యూరప్ నుంచి నేలమీదుగా వచ్చే దారి మూసుకుపోయింది. 1985 మత్తుమందుల చట్టం గంజాయిని పట్టుకుంది, భంగాకును వదిలేసింది. రాకపోకలు మారాయి, వీధీ మారింది. ఇందులో ఏడవడానికేముంది? వాళ్ళకు వెళ్ళిపోవడానికి వేరే ఊళ్ళున్నాయి.

పెంటకటకు ఎక్కడుంది ఇంకో ఊరు? 1999 అక్టోబరు తుఫాను చూశారు. 2019 మే 3న ఫణి పూరీ దగ్గరే తీరం దాటింది. పైకప్పులు పోయినవాళ్ళు మళ్ళీ అక్కడే పాక నిలబెట్టుకున్నారు. ఒకపక్క మరపడవలు, ఇంకోపక్క తీరం పొడుగునా లేస్తున్న హోటళ్ళు. మురికివాడల వాళ్ళకి నేలహక్కు ఇస్తామని ఒడిశాలో 2017లో చట్టమొచ్చింది. తరాలుగా ఉంటున్న నేలకు కాగితం కోసం ఎదురుచూడటమంటే ఏమిటో బారు జ్ఞాపకాల వాళ్ళకి తెలియదు.

నా తప్పూ ఒప్పుకుంటాను. చదువుకునే రోజుల్లో నేనూ ఆ మేడ మెట్లెక్కినవాణ్ణే. కింద ఇసకలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన మా తెలుగు విని తలెత్తి, "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు. చెప్పి పైకెళ్ళిపోయాం. ఆయన ఊరేదని ఎవరమూ అడగలేదు.

ఒడిశాలో తెలుగు బళ్ళు తగ్గిపోతున్నాయని సభలు పెడతాం, తీర్మానాలు చేస్తాం. పెంటకట పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, వాళ్ళ తాత ఎరిగిన గాలుల పేర్లు, చేపల పేర్లు ఏ లిపిలోనూ రాసుకోలేకపోతే అది మన సభల లెక్కలోకి రాదా? మన పత్రికల్లో పెంటకట మనిషి రాసింది ఎన్నిసార్లు చూశాం? నాకు ఒక్కటీ గుర్తుకు రావడం లేదు.

వచ్చే శీతాకాలం ఒక నోటుబుక్కు పట్టుకుని వెళ్తున్నాను. బీరు కథలు రాసినవారిలో ఎవరైనా తోడొస్తారా?