ఎంగిలి చేత్తో కాకిని తోలనివారు కావలెను

పిసినారి సంగతి వస్తే మనం "ఎంగిలి చేత్తో కాకిని తోలడు" అంటాం. వేలికి అంటిన మెతుకు ఎక్కడ రాలిపోతుందోనని వాడి బెంగ. సరిగ్గా అలాంటి మనిషే కావాలని బోర్డులు పెట్టి మరీ అడిగే చోటు ఒకటుంది. కాలిఫోర్నియా రాష్ట్రపు ఉత్తర కొసన, క్రెసెంట్ సిటీ అనే చిన్న ఊరికి దగ్గరలో ఉన్న జెడిడయా స్మిత్ రెడ్‌వుడ్స్ పార్కు. మన సంఘ కుటుంబాల పిల్లలు ఆ రాష్ట్రంలో చాలామందే ఉన్నారు. వేసవిలో వెళ్ళే తల్లిదండ్రులకు పనికొస్తుందని ఈసారి దాని గురించి రాస్తున్నాను.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కారులో ఆరేడు గంటలు. స్మిత్ నది ఒడ్డున, చెట్ల నడుమ గుడారాలు వేసుకునే జాగాలున్నాయి. జాగాకో బల్ల, నిప్పు వేసుకునే గుండం, తిండి దాచే గట్టి పెట్టె ఉంటాయి. పెట్టె ఎలుగుబంట్ల కోసం. సెల్‌ఫోను దాదాపు పలకదు. రిజర్వేషన్లు ఆరు నెలల ముందే మొదలవుతాయి కనుక పిల్లలకు ముందుగానే చెప్పి ఉంచండి.

చెట్లను వర్ణించడం నాకు చేతకాదు, అంకెలు చెబుతాను. ప్రపంచంలో ఇంతకంటె ఎత్తు పెరిగే చెట్టు లేదు. ఆ ప్రాంతపు నేషనల్ పార్కులో 2006లో కనుగొన్న చెట్టు 115 మీటర్లు దాటింది. రెండు వేల ఏళ్ళు బతికినవీ ఉన్నాయి. వేళ్ళు మాత్రం లోతుకు పోవు, అడ్డంగా పాకుతాయి. అందుకే బాట దిగి చెట్టు మొదట్లో తొక్కవద్దంటారు. స్టౌట్ గ్రోవ్ అనే తోపులో అర మైలు చుట్టుబాట ఉంది, మోకాళ్ళ నొప్పులవారూ నడవవచ్చు. ఓపికున్నవారికి బాయ్ స్కౌట్ ట్రీ బాట, రానుపోను ఐదు మైళ్ళ పైమాటే.

ఇక మెతుకు సంగతి. మార్బుల్డ్ మర్రలెట్ అనే సముద్రపు పిట్ట ఉంది, పావురం కంటె చిన్నది. చేపలు పట్టేది సముద్రంలో, గుడ్డు పెట్టేది ఈ ముసలి చెట్ల కొమ్మల మీది నాచులో. అదీ ఏడాదికి ఒక్కటే. అది గుడ్డు ఎక్కడ పెడుతుందో పక్షిశాస్త్రజ్ఞులకు చాలాకాలం అంతుపట్టలేదు. 1974లో బిగ్ బేసిన్ పార్కులో కొమ్మలు నరకడానికి చెట్టెక్కిన పనివాడి కంట పడింది. ఈ పిట్టకు శత్రువు స్టెల్లర్స్ జే. నీలంగా, నల్ల జుట్టుతో ముచ్చటగా ఉంటుంది గాని కాకి కుటుంబానిదే. గుడారాల దగ్గర రాలిన తిండికి మరిగి అక్కడే సంతతి పెంచుకుంటుంది, ఆపైన కొమ్మలెక్కి మర్రలెట్ గుడ్లు, పిల్లలు వెతుక్కుంటుంది.

పాత రెడ్‌వుడ్ అడవిలో నూటికి తొంభై అయిదు పాళ్ళు నరికేశాక, ఇప్పుడు నా జంతిక ముక్క మీద పడ్డారేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. కాని నిల్వ అయిదుకు పడిపోయిన ఖాతాలో పైసా కూడా లెక్కకొస్తుంది.

మా ఆవిడకు మాత్రం మింగుడుపడలేదు. తద్దినం నాడు కాకి ముట్టేదాకా ఎదురుచూసే ఇల్లు మాది. "ఆకలితో వచ్చిన పిట్టకు మెతుకు వెయ్యొద్దంటే ఎలాగండీ?" అంది. మా మనవరాలు "దానికి అడవిలో బోలెడు తిండి ఉంది నానమ్మా, మర్రలెట్‌కే ఇంకో గుడ్డు లేదు" అంది. ఆ పూట పులిహోర గిన్నె మీద మూత కదల్లేదు.

వెళ్ళేవారు జంతికలు, చేగోడీలు, మిక్చరు కారులోనే కానిచ్చేయండి. బల్ల దగ్గరికి ఇడ్లీ, చపాతీ మేలు. తిన్నాక బల్ల కింద కూడా చూసి ఏరండి. గిన్నెలు కడిగిన నీళ్ళు చెట్ల మొదట్లో పోయవద్దు. స్వెట్టరు మరవకండి, జూలైలో కూడా వేకువన చలే. ఆ వేళ నిద్ర లేవగలిగితే, చీకటి విడకముందే చాలా పైనుంచి "కీర్, కీర్" అని వినబడవచ్చు. అది సముద్రం నుంచి చేప పట్టుకుని వస్తున్న మర్రలెట్.