తెలుగు లిపిలో హిందీ నాటకములు

హిందీభాషను గూర్చి దక్షిణదేశమున వాదము లేచినప్పుడెల్ల ఒక యూహ ఉభయపక్షములవారి మాటలయందును కనబడుచుండును. 1918లో గాంధీమహాత్ముని కుమారుడు దేవదాసుగాంధి మదరాసున హిందీ బోధింప నారంభించువరకు మనవారు ఆ భాష నెరుగరనియే యుభయులును తలంతురు. ఇది నిజము కాదు. అంతకు ముప్పదియేండ్లకు పూర్వమే దివిసీమకు చెందిన యొక తెలుగు కవి బందరు రంగస్థలముకొరకు 32 హిందీ నాటకములు రచించియుండెను. ఆయన నాదెళ్ల పురుషోత్తమకవిగారు.

పురుషోత్తమకవిగారు 1863 ఏప్రిల్ 23వ తేదీన జన్మించిరి. కవులు, నాటకకర్తలు, బుధవిధేయిని యను పత్రికను నడపిన సంపాదకులు. ఈ హిందీ నాటకములు 1884-86 ప్రాంతముల వెలసినవి. అనగా కవిగారికి అప్పటికి ఇరువదిమూడేండ్లు దాటలేదు. కాశిలో భారతేందు హరిశ్చంద్రుడు హిందీ నాటకమునకు రూపము తీర్చి 1885లో కాలధర్మము నొందెను. సరిగా ఆ దినములలోనే ఇచట సముద్రతీరమున, మాతృభాష తెలుగైన యీ యువకుడు అదే పనిలో నుండెను.

ఈ కోరిక ఎచటినుండి పుట్టినది? 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు మన పట్టణములలో పందిళ్లు వేసి హిందీ నాటకములాడిరి. ఆ రంగుతెరలును, ఆ సంగీతమును జనులకు మిక్కిలి నచ్చినవి. వారు విడిచిపోయిన పాకలోనే రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తమ తెలుగు నాటకములాడించిరి. బందరువారు మరియొక త్రోవ త్రొక్కి, హిందీ నాటకములను తామే వ్రాయించుకొని, తామే యాడుకొనిరి. సర్కారు ఉత్తరువు లేదు, పరీక్ష లేదు, ఉద్యోగాశయు లేదు. టిక్కెట్టు కొనిన ప్రేక్షకునకు నచ్చినది, అంతియే.

ఈ చరిత్రలో మాకెల్లర కన్న ముచ్చటైన విషయము లిపి. కవిగారు తమ హిందీని తెలుగక్షరములలో వ్రాసిరి. నటులు తెలుగువారు, నాగరి నేర్చినగాని వేషము దొరకదనినచో ఎందరు ముందుకు వచ్చియుందురు? భాషను స్వీకరించుటకు తన అక్షరమును విడువనక్కరలేదని ఆయన వాదింపలేదు, చేసి చూపెను. మా నడికుడి జంక్షనులో నిలుచున్నవారికి ఇది వింతగా తోపదు. సికిందరాబాదు బండి దిగిన కూలీవానితో మిరపకాయల బేరగాడు హిందీలో మాటాడును. లెక్క మాత్రము తెలుగులోనే వ్రాసికొనును. పలకమీద మూడు లిపులున్నవని ఎవడును తగవు పెట్టుకొనడు.

పురుషోత్తమకవిగారు 1938 నవంబరు 27న పరమపదించిరి. నాటకములలో పెక్కింటి పూర్తి ప్రతులు నేడు దొరకుట లేదు. హిందీ ఆచార్యులు భీమసేన్ నిర్మల్‌గారు వీనిని గూర్చి పరిశోధించియుండకున్నచో ఆ పేరును మరుగునపడియుండును. హిందీని సమర్థించువారికి ఇంతకన్న మంచి సాక్షి లేడు, ఎదిరించువారికి ఇంతకన్న మంచి హెచ్చరిక లేదు. ఇరువురును ఆయనను మరచిరి.

పల్నాటివారికి ఇట్టి నష్టమెట్టిదో చెప్పనక్కరలేదు. మన వీరుల కథ గాయకుల కంఠములనే నమ్ముకొని శతాబ్దములు బ్రతికినది. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు పూనుకొని అచ్చొత్తింపకున్న నేడెంత మిగిలెడిదో! రంగస్థలపు హిందీకి అట్టి గాయకులును లేరు. ఆడుట మానిన నాటకము కాగితమునందే బ్రతుకవలెను, ఆ కాగితమో చెదలపాలగుచున్నది. కావున దొరకినంతవరకు ఆ నాటకములను తెలుగు లిపిలో ఒక ప్రక్కను, నాగరిలో ఒక ప్రక్కను ముద్రించు భారమును విశ్వవిద్యాలయములును, హిందీ ప్రచారసభయు వహింపవలెనని మేము కోరుచున్నాము. దివి, బందరు, గుంటూరు ప్రాంతముల పాత లోగిళ్లలో అటకలమీద నాటకపు కట్టలున్నవారు వానిని తూకమునకు అమ్మబోవుటకు ముందు ఒక్కమారు విప్పి చూతురుగాక. అక్షరములు తెలుగై, మాట అర్థముకాకున్నచో, ఆ కట్టను పారవేయవలదు.