కోడ్ పడగానే ఆపరేటర్ జీతం మీద పడొద్దు



నా తప్పుతోనే మొదలుపెడతా. నేను యూఏఈలో ఒక కాంట్రాక్టు కంపెనీ వర్క్‌షాప్‌లో మెకానిక్‌ని. పోయిన ఎండాకాలం మా షావల్ ఒకటి సైట్‌లో పవర్ తగ్గి నిలబడింది. స్క్రీన్ మీద యాడ్‌బ్లూ క్వాలిటీ కోడ్. నడిపేది నిజామాబాద్ వైపు తమ్ముడు, వచ్చి ఏడాది కూడా కాలేదు. ఫోర్‌మన్ పక్కన నిలబడి తొందర పెడుతున్నడు. నేను ఏ చెకింగూ చేయలేదు. ట్యాంకు ఖాళీ చేసి, సెన్సార్ మార్చి, బయటి నుంచి తెప్పించిన కొత్త క్యాన్లు పోసి బండి పంపిన. జాబ్ కార్డు మీద మాత్రం "రాంగ్ ఫ్లూయిడ్, ఆపరేటర్ మిస్టేక్" అని రాసిన. ఆ ఒక్క లైన్ పట్టుకుని ఆఫీసు తమ్ముడి జీతంలో కటింగ్ మొదలుపెట్టింది.

తొమ్మిది రోజులకు అదే బండి, అదే కోడ్. ఈసారి సీట్లో వేరే మనిషి. అప్పుడు నాకు బుద్ధొచ్చింది. స్టోర్ వెనక ఎండలో పేర్చిన క్యాన్లు చూసిన. తయారీ తేదీ ఏడాది దాటింది. రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేస్తే రీడింగ్ ఉండాల్సిన దానికన్నా పైన ఉంది. సెన్సార్ మొదటి రోజు నుంచి నిజమే చెప్పింది. అబద్ధం రాసింది నేను.

ఇది తెలియని అన్నల కోసం కొంచెం వివరం. ఇక్కడ అన్ని బండ్లకూ ఈ సిస్టమ్ లేదు. కొత్త బండ్లు కొన్నింటికి, యూరప్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చిన క్రేన్లు, షావళ్లు, ట్రక్కులు కొన్నింటికి ఉంది. డీఈఎఫ్ అన్నా, యాడ్‌బ్లూ అన్నా ఒకటే. 32.5 శాతం యూరియా, మిగతా 67.5 శాతం ఖనిజాలు తీసేసిన నీళ్లు. దాన్ని సైలెన్సర్ పైపులో పొగ మీద చల్లితే అమ్మోనియాగా మారి, విషపు నైట్రోజన్ వాయువులను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ట్యాంకు లోపల లెవెల్, టెంపరేచర్, క్వాలిటీ చూసే సెన్సార్లు ఉంటాయి. పొగ గొట్టంలో నాక్స్ సెన్సార్లు ఉంటాయి. వీటిలో ఏది ఫిర్యాదు చేసినా మొదట లైటు వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, పట్టించుకోకపోతే కంప్యూటరే పవర్ కోసేస్తుంది. బండి నిలబడిందంటే ఇంజిన్ పాడైందని కాదు, ఆపరేటర్ పాడు చేశాడని అంతకన్నా కాదు.

నా అభిప్రాయం ఇది: పరీక్ష చేయకుండా సెన్సార్ మార్చడం తప్పు, పరీక్ష చేయకుండా మనిషి పేరు రాయడం ఇంకా పెద్ద తప్పు. నాలాంటి మెకానిక్‌లకే ముందు చెప్తున్నా.

కోడ్‌లో రెండు నంబర్లుంటాయి. ఎస్‌పీఎన్ ఏ భాగమో చెప్తుంది, ఎఫ్‌ఎంఐ ఏ రకం తప్పో చెప్తుంది. 3364 అంటే ఫ్లూయిడ్ క్వాలిటీ, 1761 అంటే ట్యాంకు లెవెల్, 3031 అంటే ట్యాంకు టెంపరేచర్, 4364 అంటే మొత్తం సిస్టమ్ పనితనం తగ్గింది. రెండో నంబర్ 3, 4, 5 అయితే కరెంటు సంగతి: వైరు తెగిందా, షార్ట్ అయిందా, కనెక్టర్ వదులైందా చూడాలి. 9 అయితే సెన్సార్ నుంచి సమాచారం రావడం లేదు. 18 అయితే సెన్సార్ బాగానే మాట్లాడుతుంది, విలువే తక్కువ చెప్తుంది. 3364 పక్కన 9 పడితే ఆపరేటర్ పోసిన ఫ్లూయిడ్‌కు దానితో సంబంధమే లేదు. అయినా ఎంతమంది మీద ఆ పేరుతో నింద పడిందో!

సమాచారం రాకపోతే ముందు సెన్సార్‌కు కరెంటు, ఎర్త్ వస్తున్నాయా చూడండి. బ్యాటరీ ఆపి రెండు క్యాన్ వైర్ల మధ్య మీటర్ పెడితే 60 ఓమ్‌ల దగ్గర చూపించాలి. 120 చూపిస్తే ఎక్కడో లైను తెగిందనో, చివరి రెసిస్టర్ ఒకటి పోయిందనో అర్థం. కనెక్టర్ విప్పితే తెల్లటి పొడి, పచ్చటి తుప్పు కనిపిస్తుందా? యాడ్‌బ్లూ రాగిని తింటుంది. వైరు వెంట పాకి దూరం పోతుంది. ఆ తుప్పు ఉండగా కొత్త సెన్సార్ బిగిస్తే అది కూడా పోయినట్టే.

క్వాలిటీ కోడ్ అయితే ముందు ఫ్లూయిడ్‌నే చూడండి. డీఈఎఫ్ కోసం చేసిన రిఫ్రాక్టోమీటర్ మీద 31.8 నుంచి 33.2 శాతం మధ్య ఉంటే యూరియా పాళ్లు సరే. అయినా కల్తీ విడిగా చూడాలి. గాజు గ్లాసులో కొంచెం తీసి పైన డీజిల్ తేలుతుందా, అడుగున దుమ్ము ఉందా, రంగు మారిందా చూడండి. అప్పుడే పోసి ఉంటే కాసేపు ఆగండి. ధ్వనితో కొలిచే సెన్సార్లు గాలి బుడగలకు కూడా తప్పు చూపిస్తాయి. ఇదంతా చేయడానికి అరగంట పట్టదు. "టైమ్ లేదు" అనే ఫోర్‌మన్‌కు ఒకటే జవాబు: తొమ్మిది రోజులకు బండి మళ్లీ నిలబడితే పోయే టైమ్ ఎంత?

ఇక ఎండ సంగతి. యాడ్‌బ్లూ 25 డిగ్రీల్లో ఉంచితే ఏడాదిన్నర నిలుస్తుంది. 35 డిగ్రీల్లో ఆరు నెలలే. అంతకు మించితే పోసే ముందు పరీక్ష చేయాల్సిందే. ఇక్కడి ఎండాకాలం మనకు తెలియంది కాదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో మనిషితో పని చేయించొద్దని ఈ దేశం రూల్ పెట్టింది. క్యాన్‌ను నీడలో పెట్టాలన్న ఆలోచన మాత్రం స్టోర్‌లో ఎవరికీ రాదు. స్టోర్ చేసిన తప్పుకు సీట్లో కూర్చున్నవాడు ఎందుకు కట్టాలి?

ఆపరేటర్ తమ్ముళ్లు కూడా నాలుగు పనులు చేయండి. పోసే ముందు క్యాన్ లేబుల్, తేదీ కనబడేలా ఫోటో తీసుకోండి. డీజిల్‌కు, ఆయిల్‌కు వాడిన గరాటు వాడొద్దు, మూత చుట్టూ దుమ్ము తుడిచాకే తెరవండి. ఇంజిన్ ఆపిన వెంటనే బ్యాటరీ మెయిన్ స్విచ్ తిప్పొద్దు. పైపుల్లో మిగిలిన ఫ్లూయిడ్‌ను పంపు వెనక్కి లాగడానికి కొన్ని నిమిషాలు కావాలి, లేకపోతే లోపలే గడ్డకడుతుంది. మొదటి లైటు వెలిగిన రోజే డైలీ షీట్‌లో రాసి, ఫోర్‌మన్‌కు మెసేజ్ పెట్టండి. నోటితో చెప్పింది సాక్ష్యం కాదు.

"సెన్సార్ తీసేసి ఎమ్యులేటర్ బిగిద్దాం" అనేవాళ్లూ ఉన్నారు. ఒప్పుకోవద్దు. పొగ తాగేది పక్కన పనిచేసే మన కూలీలే. రేపు పట్టుబడితే బిగించినవాడి పేరే బయటికొస్తుంది.

కటింగ్ విషయంలో చట్టం కూడా తెలుసుకోండి. యూఏఈ 2021 నాటి 33వ నంబర్ కార్మిక చట్టం, 25వ ఆర్టికల్ ప్రకారం యంత్రం పాడైనందుకు జీతంలో కోయాలంటే అది కార్మికుడి తప్పు వల్లో, ఆదేశం మీరడం వల్లో జరిగి ఉండాలి. అప్పుడైనా నెలకు ఐదు రోజుల జీతానికి మించి కోయకూడదు. మించాలంటే కోర్టు అనుమతి కావాలి. కాబట్టి కటింగ్ అనగానే సంతకం పెట్టకండి. "ఫాల్ట్ రిపోర్ట్ చూపించండి, ఫ్లూయిడ్ రీడింగ్ చూపించండి" అని అడగండి. వినకపోతే కార్మిక మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. మన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబర్ 800 46342.

నేను రీడింగ్ కాగితం తీసుకుని మేనేజర్ దగ్గరికి పోయిన. నా జాబ్ కార్డు తప్పని నా చేత్తోనే రాసి ఇచ్చిన. కటింగ్ ఆగింది. మొదటి నెల కోసిన పైసలు మాత్రం తమ్ముడికి ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాం. ఆ నెల ఇంటికి తక్కువ పంపినందుకు అమ్మకు ఏం చెప్పాలో తెలియక రెండు రోజులు ఫోన్ ఎత్తలేదని తర్వాత చెప్పిండు. నేను రాసింది నాలుగు మాటలే.

మెకానిక్ అన్నలూ, జాబ్ కార్డు మీద రీడింగ్ రాయండి, మనిషి పేరు రాయకండి.