దగ్గరి డాక్టరు ఇరవై కిలోమీటర్ల అవతలా?

2024 మే 7 సాయంత్రం కురిసిన వానకు హైదరాబాద్ శివారు బాచుపల్లి రేణుకా ఎల్లమ్మ కాలనీలో, కడుతున్న అపార్ట్‌మెంటు రిటైనింగ్ వాల్ కూలింది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పొట్ట చేతబట్టుకొచ్చిన ఏడుగురు దాని కింద నలిగిపోయారు. అందులో నాలుగేళ్ల పిల్లాడూ ఉన్నాడు. శవాలు పోస్టుమార్టానికి గాంధీ ఆస్పత్రికి వెళ్లాయి. 20 కిలోమీటర్ల పైచిలుకు దూరం, దారిపొడవునా ట్రాఫిక్.

చట్టం ఏమంటోందో చూడండి. అనుమానాస్పద మృతి అయితే ఎస్సై వచ్చి, కనీసం ఇద్దరు పెద్దమనుషుల ఎదుట పంచనామా రాయాలి. చావుకు కారణం తేలకపోతే శవాన్ని ‘దగ్గరి’ సివిల్ సర్జన్‌కో, ప్రభుత్వం నియమించిన మరో అర్హుడైన డాక్టరుకో పంపాలి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ ఇది. పాత సీఆర్‌పీసీ 174కు కొత్త చొక్కా. దారిలో శవం కుళ్లిపోయే ప్రమాదం ఉందేమో చూసుకోమని కూడా అందులోనే ఉంది. ఎద్దుబండ్ల కాలంలో తెల్లదొరకు తట్టిన ఆలోచన సైబరాబాద్ పాలకులకు తట్టదా?

బాచుపల్లిలోనే మమత అకాడమీ ఆఫ్ మెడికల్ సైన్సెస్ అనే ప్రైవేటు మెడికల్ కాలేజీ ఉంది. ఫోరెన్సిక్ విభాగం లేని మెడికల్ కాలేజీ ఉండదు. ప్రభుత్వ ఫోరెన్సిక్ డాక్టర్లను వంతులవారీగా అక్కడికి పంపి, వీడియో తీయించి పోస్టుమార్టం చేయించడానికి అడ్డేమిటి? ప్రైవేటోళ్లు రిపోర్టు మార్చేస్తారంటారా? కత్తి పట్టేది, సంతకం పెట్టేది సర్కారు డాక్టరే. వైద్యం చేసిన ఆస్పత్రి మీదే అనుమానముంటే ఆ శవాన్ని వేరే చోటికి పంపండి. అన్నిటికీ అదే సాకు చెప్పకండి.

మార్చురీ బయట కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది అసలు సంగతి. ఓసారి మా బంధువు శవం కోసం అలా కూర్చున్నాను. ‘పోలీసుల రిక్విజిషన్ రాలేదు’ అన్నారు లోపల. ‘పంపించాం’ అన్నారు స్టేషన్లో. ఈలోగా ఒకతను వచ్చి తెల్లగుడ్డ, ప్లాస్టిక్ షీటు కొనుక్కు రమ్మన్నాడు. ఆనక గొంతు తగ్గించి, ‘మీ ఇష్టం సార్, ఎంతో కొంత’ అన్నాడు. పోస్టుమార్టానికి పైసా కట్టక్కర్లేదని ఆ గోడ మీద ఎక్కడా రాసిలేదు. తెలుగు రాని ఒడిశా కూలీ ఆ పంచనామా మీద దేనికి వేలిముద్ర వేస్తున్నాడో ఎవరు చెబుతారు?

అడిగితే ఏమవుతుందో 2020 ఫిబ్రవరిలో పటాన్‌చెరులో చూశాం. కూతురి శవాన్ని పోలీసులు తీసుకుపోతుంటే అడ్డుపడిన తండ్రిని కానిస్టేబుల్ తన్నాడు.

వసతులున్న చోట పోస్టుమార్టం రాత్రి పూట కూడా చేయొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబరులోనే చెప్పింది. హత్య, ఆత్మహత్య, అత్యాచారం లాంటివి మినహాయించింది. రోడ్డు ప్రమాదంలో పోయినవాడి తల్లిని తెల్లారేదాకా ఎందుకు కూర్చోబెడతారు?

ఆరోగ్య శాఖ బాచుపల్లిలో డాక్టరును నియమిస్తూ జీవో ఇవ్వాలి. రిక్విజిషన్ ఏ టైముకు చేరిందో, పోస్టుమార్టం ఎప్పుడు చేస్తారో రాసిన చీటీ పోలీసులు ఇంటివాళ్ల చేతిలో పెట్టాలి. వాళ్లకొచ్చిన భాషలోనే.